ఏరు

జెడ్పీ శాళల ఖిచడీ వండేది నేనే.
పదకొండు గంటలకు పప్పు ఉడికే వాసన లేస్తె
మూడో తరగతి పిల్లలకు లెక్కలు తప్పుతయని
ధోటే బాయి నవ్వుతది.
ఆమెది వర్ధా దిక్కు. అంకీస దాటి మా ఊరికొచ్చి నాలుగేండ్లు.
మా తెలుగు మాట్లాడితె
కొత్త చెప్పులేసుకుని బురదల నడిచినట్టు ఉంటది,
అయినా నడుస్తది.

ఆ పొద్దు గిన్నెలు తోముతుంటె వచ్చి పక్కన కూసున్నది.
"ఓంకార్, జురీని ఒక మాట అన్నడు."
ఆ మాటేందో చెవుల చెప్పింది, మెల్లగ.
మరాఠీ కాదు. ఏ పుస్తకంల లేదు.

ఓంకార్ నా కొడుకు.
జురీ ఈ ఏడే అడవి దిక్కుకెల్లి వచ్చిన ఆత్రమోళ్ళ పిల్ల.
పిలిస్తె పలుకది, అడిగితె నేల చూస్తది.
బూడిద చేతులు అట్లనే పట్టుకొని ఉన్న.
ఆ మాట నాకెరుకే.
ప్రాణహిత అవతల మిరపకాయ ఏరబోయినప్పుడు
మాకంటె తక్కువ కూలికి ఒప్పుకున్నోళ్ళ మీద
నా నోట్లకెల్లి ఎన్నిసార్లు పడ్డదో.
పిల్లగాడు పొయ్యి పక్కన కూసొని తినేటోడు,
అన్నంతోటి అదీ తిన్నడు.

సాయంత్రం బాయి ఇంటికొచ్చింది.
సడువలి అప్పుడే పడవ కట్టేసి వచ్చి కాళ్ళు కడుగుతున్నడు.
"తోలు మీది, బొక్కలు మాయి. కొట్టుండ్రి" అన్నడు.
ఓంకార్ గడ్డి మోపు ఎనుక.
బాయి చాయ్ సాసర్ల పోసుకొని, ఊదుకుంట, మొత్తం తాగింది.
"కొట్టను. డబ్బ పంపిస్త."

బిస్కెట్ల డబ్బ. ఎవరన్న మంచి పని చేస్తె
చూసినోళ్ళు అండ్ల ఒక చింతగింజ ఎయ్యాలె.
చేసినోళ్ళు ఎయ్యొద్దు.
పగలంత శాళల, రాత్రి వంతు ప్రకారం ఒక్కో ఇంట్ల.
పెద్దోళ్ళకూ అదే లెక్క.

"గింజలేస్తె బుద్ధులొస్తయా బాయీ?
మా అయ్య నన్ను తుమ్మ బరిగెతోటి పెంచిండు."
"వచ్చినయా?" అన్నది బాయి.
అన్నంక నా దిక్కు చూసింది,
తెలుగు ఏమన్న తప్పు పోయిందా అని.
నేను దిద్దలే.

శనివారం ఇంటోళ్ళందరిని శాళకు రమ్మన్నరు.
జురీ వాళ్ళమ్మ తలుపు కాడనే నిలబడ్డది, చంకల చంటిపిల్ల.
పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నది.
ఆమె నన్ను చూసి "ఏర్" అన్నది.
మల్ల, ఇంక జర గట్టిగ, "ఏర్."
ఏరా? ఏరు ఆడెక్కడనో ఉన్నది, ఇసుక దాటి,
ఇంత ఎండల ఏరు దాంక ఏం పోతదీమె
అని నేను చెయ్యి చూపిస్తున్న.

ఓంకార్ లేచిండు.
కుండల గ్లాసు ముంచి తీస్కపోయి ఇచ్చిండు.
"అమ్మా, ఆళ్ళ మాటల ఏర్ అంటె తాగే నీళ్ళు."
నీకెవరు చెప్పిన్రురా?
నేల చూసిండు, అచ్చం జురీ లెక్క.
ఎక్కిరించుకుంట నేర్చుకున్నడో
పక్కన కూసొని నేర్చుకున్నడో
ఇప్పటికీ నాకు తెల్వది.

ఆ రాత్రి డబ్బ మా ఇంటి వంతు.
కారప్పొడి సీస పక్కన పెట్టిన.
సడువలి అన్నం కాడ ఎవరి మీదనో కోపం చేస్తూ
"ఆ..." అని మొదలుపెట్టిండు,
కొడుకు దిక్కు చూసి
నీళ్ళు తాగిండు. దగ్గిండు. చాప ధర ఎత్తుకున్నడు.

కన్ను మూతపడేటప్పుడు
డబ్బల టక్కుమని ఒక్క గింజ.
చీకట్ల మేం ముగ్గురమే.
ఎవరేసిన్రని అడగలే.
చూసినోళ్ళే గద ఎయ్యాల్సింది,
ఎవరిలనో ఎవరో ఏందో చూసే ఉంటరు.

తెల్లారింది.
శాళ బియ్యంల ఈసారి రాళ్ళు మస్తున్నయి.
చాటల పోసుకొని
ఏరుకుంట కూసున్న.